బట్టలో లేని అలలు

నేను రిటైరైన రోజు మా కంపెనీ వాళ్లు నాకు శాలువా కప్పారు. చేనేత చీరలు అమ్ముకుని బతికే కంపెనీ అది. కప్పింది మాత్రం మిల్లులో తయారైన నైలాన్ శాలువా. ఆ రోజు తీసిన ఫోటోలో నేను నవ్వుతూ ఉంటాను. పక్కన నిలబడ్డవాళ్ల మీద నాకు ఎంత మంటగా ఉందో ఆ ఫోటోలో కనపడదు.

నా పేరు సుశీల. కర్నూలు పాతూరులో మా నాన్నకు చిన్న స్టూడియో ఉండేది. పెళ్లిళ్లలో ఆడవాళ్లున్న గదిలోకి మగ ఫోటోగ్రాఫర్లను రానివ్వని ఇళ్లు అప్పట్లో చాలా ఉండేవి, హిందువులవీ, ముస్లింలవీ. అందుకని నాన్న నా చేతికి కెమెరా ఇచ్చాడు. ఫిల్ము కాలంలో అట్లా మొదలైన పని ఎన్నో చోట్ల తిరిగి, చివరికి ఈ చీరల కంపెనీలో ముగిసింది. నేత ఊళ్ల నుంచి వచ్చే నూలు చీరలను ఫోటోలు తీసి, ఇంటర్నెట్‌లో అమ్మకానికి సిద్ధం చేయడం నా ఉద్యోగం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఏ కెమెరా కొనాలని అడుగుతారు. కెమెరానే లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తే ఏం చేయాలని ఒక్కరూ అడగరు. ఆ అడగనిదానికే జవాబు రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. చల్లారలేదు. ఇక చల్లారదు కాబట్టి ఇట్లాగే రాస్తున్నాను.

పళ్లు చూడకుండా కొన్న ఎద్దు

మా మేనేజర్ పేరు చైతన్య. హైదరాబాద్‌లో చదువుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. కష్టపడే మనిషే, లంచగొండి కాదు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఒక్కటే జబ్బు. తాను సంతకం పెట్టిన పని తప్పయిందని ఒప్పుకోలేడు. నా అనుభవంలో దొంగ బాసుల వల్ల జరిగిన నష్టం కన్నా ఇట్లాంటి మంచి బాసుల వల్ల జరిగిన నష్టమే ఎక్కువ.

పాత కెమెరా మార్చాలని ఆయన అనుకున్నప్పుడు నేను ఒకటే అడిగాను. "కొనే ముందు ఒక పూట ఇక్కడికి తెప్పించండి సార్. మన చీరలు నాలుగు రకాలు తీసి చూస్తాను. నచ్చితే కొందాం."

"మేడమ్, దీంట్లో మెగాపిక్సెల్స్ ఎన్నో చూశారా? మీ పాత కెమెరాకి డబుల్. ఇంక టెస్ట్ ఏముంటుంది?"

ఆదోని సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. కొమ్ములు పెద్దవని దుడ్లు చేతిలో పెట్టి తోలుకుని రాడు. మేము కొమ్ములు చూసి కొన్నాం.

మొదటి వారంలోనే మచ్చ కనిపించింది. ఏ చీర తీసినా, పై భాగంలో కుడి పక్కన బూడిద రంగు చుక్క. ఎర్ర చీరలో అక్కడే, తెల్ల చీరలోనూ అక్కడే. ఫిల్ము కెమెరాలో ఫిల్ము ఉండే చోట ఈ కెమెరాల్లో సెన్సార్ అనే చిన్న పలక ఉంటుంది. వెలుగు పడేది దాని మీద. లెన్సు మార్చినప్పుడు లోపలికి దుమ్ము పోతే ఆ పలక మీద కూర్చుంటుంది. కొత్త కెమెరాలో దుమ్మేంటి, సీలు నేనే విప్పాను కదా అని చైతన్య వాదించాడు. కర్నూలు దుమ్ముకు కొత్తా పాతా తెలియదు. తెల్ల గోడను తీసి చూపించాను. గోడ మీదా అదే చుక్క. రబ్బరు బుడ్డితో గాలి కొడితే పోయింది. నోటితో ఊదకండి పిల్లలూ, ఉమ్మి పడితే దుమ్ము కన్నా కష్టం.

తర్వాత పట్టీలు వచ్చాయి. చీరకు అడ్డంగా నల్లటి చారలు. చూస్తే నేతలో అడ్డంగా పడే పేక దారం ఒకచోట వదులై, ఒకచోట బిగుతై వచ్చిన పట్టీల్లాగే ఉన్నాయి. కారణం మా గదిలో కొత్తగా పెట్టిన చవక ఎల్ఈడీ దీపాలు. అవి మన కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. ఈ కెమెరాలో చప్పుడు కాకుండా తీసే పద్ధతి ఒకటుంది, అందులో సెన్సార్ బొమ్మను వరస తర్వాత వరసగా చదువుతుంది. దీపం మసకబారిన క్షణంలో చదివిన వరసలు నల్లగా పడతాయి. చప్పుడయ్యే పాత పద్ధతికి మార్చి, షట్టర్ వేగం తగ్గించి తీస్తే పట్టీలు మాయమయ్యాయి.

ఇవి రెండూ చిన్న రోగాలు. వీటికి మందు నా చేతిలో ఉంది. మూడోది వేరు.

సన్న గళ్లు

కోడుమూరు నుంచి మాకు సన్న గళ్ల చీరలు వచ్చేవి. గళ్లు ఎంత సన్నవంటే, రెండడుగుల దూరం నుంచి చూస్తే ఒకే రంగులా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటేనే గడి కనపడుతుంది. వాటిని కొత్త కెమెరాతో తీస్తే తెర మీద అలలు లేచాయి. నీళ్ల మీద కిరసనాయిలు పడితే తేలే రంగుల్లాగా, ఆకుపచ్చా ఊదా కలిసిన వంకర అలలు చీరంతా.

రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. ఏ తెరలోనూ లేని అలలు రెండూ కలిసిన చోట కనపడతాయి. ఇదీ అంతే. చీరలో గళ్లున్నట్టే సెన్సార్ మీద కూడా లెక్కలేనన్ని సన్న గళ్లుంటాయి. ఆ గళ్లూ ఈ గళ్లూ ఇంచుమించు ఒకే కొలతకు వచ్చినప్పుడు లేని అలలు పుడతాయి. పాత కెమెరాల్లో సెన్సార్ ముందు బొమ్మను కొంచెం మెత్తబరిచే పొర ఉండేది. బొమ్మ మరీ పదునుగా రావాలని కొత్తవాటిలో చాలావరకు ఆ పొర తీసేశారు. పదును వచ్చింది, అలలూ వచ్చాయి.

నేను వెంటనే చైతన్యకు చెప్పాను. "సాఫ్ట్‌వేర్‌లో పోతుందిలెండి మేడమ్" అన్నాడు. కొంత పోతుంది, దాంతోపాటు చీర రంగూ పోతుంది. అందుకని ఆ చీరలను పక్కన పెట్టి, దూరం మార్చి, కోణం మార్చి ఒక్కొక్కటే మళ్లీ తీసి అమ్మకానికి పంపుతున్నాను. నా పని సరిగానే జరుగుతోందనుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. అంతకు ముందు చీరలు రాగానే ఒక పెద్దాయన బల్ల మీద పరచి, చేత్తో తడిమి, వెలుతురుకు ఎత్తి చూసి మంచీ చెడ్డా తేల్చేవాడు. ఆయన్ను తీసేశారు. బదులుగా నా కెమెరా నుంచి మొదటగా దిగిన ఫోటోలు, నేను దిద్దకముందే, వాటంతటవే హైదరాబాద్ ఆఫీసుకు పోయేవి. అక్కడెవరో తెర మీద చూసి చీర బాగుందో లేదో తేల్చేవాళ్లు. బాగాలేదన్న చీరలను నా గది దాటాక గోదాములోనే పక్కకు తీసేసేవాళ్లు. చీరను ముట్టుకోకుండా చీరకు తీర్పు! ఈ సంగతి ఫోటోలు తీసే నాకు ఎవరూ చెప్పలేదు.

ఉరుకుందప్ప వచ్చాడు

ఒకరోజు మధ్యాహ్నం నా గది గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, చంకలో గుడ్డ మూట. చెప్పులు బయటే విడిచి, లోపలికి రావచ్చో లేదో తెలియక చూస్తున్నాడు.

"మేడమ్మా, ఫోటోలు తీసేది మీరేనంట గదా?"

"నేనేనప్పా, రా, కూర్చో. ఏ ఊరు?"

"కోడుమూరు. నా పేరు ఉరుకుందప్ప. గళ్ల చీరలు నేస్తాను." మూట విప్పి ఒక చీర బల్ల మీద పెట్టాడు. "నా చీరల్లో అలలు వస్తాండాయంట. నేత సరిగ్గా ల్యాదని వచ్చినవన్నీ సెకండ్స్ అని తక్కువ రేటు సరుకులోకి ఏసినారు. నూలు గూడా ఇయ్యడం నిలిపేసినారు. ఆ అలలు యాడుండాయో మీరొక్కసారి సూపిస్తే సరి జేసుకుంటా."

ఆయన అరిచి ఉంటే నేను తట్టుకునేదాన్ని. కంపెనీని తిట్టి ఉంటే నేనూ కలిసి తిట్టేదాన్ని. ఆయన "సరి జేసుకుంటా" అన్నాడు. తన తప్పు నేర్చుకుని పోదామని బస్సెక్కి వచ్చాడు.

"నీ మగ్గంలో ఏమన్నా మార్చినావా?" అని అడిగాను.

"మార్చకుండా ఉంటానా మేడమ్మా? దారాలను ఎడంగా నిలిపే పన్నె పాతదైందేమోనని కొత్త పన్నె ఏసినా. పడుగంతా ఇప్పేసి మల్ల ఏసినా. నా సెయ్యి అదుర్తాందేమో, పేక ఒగ సారి గట్టిగా, ఒగ సారి మెల్లగా కొడ్తాండానేమో అని నా పెండ్లామును పక్కన కూసోబెట్టుకుని నేసినా. ఆయమ్మకూ ఏం కనపడల్యా. అయినా మీకు పంపితే అలలే అంటాండారు."

చీరను కిటికీ దగ్గరికి తీసుకుపోయి పరిచాను. వెలుతురుకు ఎత్తాను. అరచేత్తో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తడిమాను. నా ఉద్యోగంలో అంత సమంగా నేసిన బట్ట చాలా తక్కువ చూశాను. తర్వాత దాన్ని గోడకు వేలాడదీసి కెమెరా పెట్టి తీశాను. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూపించాను.

ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు. ముఖం పాలిపోయింది. "ఉండాయి మేడమ్మా" అన్నాడు మెల్లగా. "నిజ్జంగానే ఉండాయి."

"ఆగప్పా." కెమెరా ఒక అడుగు వెనక్కి జరిపి మళ్లీ తీశాను. అలలు వేరే ఆకారానికి మారాయి. ఇంకో అడుగు జరిపాను. మాయమయ్యాయి. "చూడు. చీర కదల్లేదు, అట్లే వేలాడుతోంది. కెమెరా జరిగితే అలలు జరుగుతున్నాయి. బట్టలో ఉన్న తప్పయితే బట్టను వదిలిపోదు. ఇవి నీవి కావు. కెమెరావి."

ఆయనకు దోమతెరల పోలిక చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను. నేత వంకరగా ఉంటే ఈ అలలు ఇంత బాగా లేవవు, దారం దారం ఒకే ఎడంగా పడింది కాబట్టే కెమెరా తబ్బిబ్బు పడిందని. అంటే మా కంపెనీ ఆ మనిషిని బాగా నేసినందుకు శిక్షించింది.

"అయితే నాది తప్పు గాదా?"

"కాదప్పా."

"మల్ల ఈ మాట నాకెవురూ ఎందుకు జెప్పల్యా?"

ఆయన్ను వరండాలో బెంచీ మీద కూర్చోమని చెప్పి, మేనేజర్ గదికి నడిచాను.

చొక్కా

చైతన్య నన్ను ఆపకుండా అంతా విన్నాడు. వెంటనే కెమెరా సర్వీసు వాళ్లకు ఫోన్ చేసి, నాకూ వినపడేట్టు పెట్టాడు. అవతల మాట్లాడిన ఇంజనీరు నిజాయితీగానే చెప్పాడు. సెన్సార్లో లోపం లేదు, ఈ రకం సెన్సార్లు సన్న నేత బట్టల మీద ఇట్లాగే చేస్తాయి, మార్చి ఇంకోటి ఇచ్చినా అంతే అన్నాడు.

చైతన్య ముఖం వెలిగింది. "విన్నారుగా మేడమ్. కెమెరాలో డిఫెక్ట్ లేదు."

"అయితే డిఫెక్ట్ బట్టలో ఉందా సార్?"

"ఆ మాట నేను అనలేదు. హైదరాబాద్‌లో క్వాలిటీ వాళ్లు అన్నారు."

"వాళ్లు దేన్ని చూసి అన్నారు?"

"ఫోటోని."

"ఆ ఫోటో ఎక్కడి నుంచి వచ్చింది?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడమ్, ఒక్క వీవర్ కోసం మొత్తం ప్రాసెస్ మార్చలేం కదా."

ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి. మీ ఉద్యోగంలో మీకూ వినపడుతుంది, ఏదో ఒక రూపంలో. మిషన్‌లో తప్పు లేదు, మనిషిలో తప్పు లేదు, ప్రాసెస్‌లో తప్పు లేదు. కానీ ఒకడి మగ్గం ఆగిపోయింది. ఎవరి తప్పూ లేకుండానే ఆగిందట! తప్పు ఉంది. ముట్టుకుని చూడాల్సిన వస్తువును ముట్టుకోకుండా తేల్చడం తప్పు. తెలిసినవాడు వచ్చి చెప్తే వినకపోవడం తప్పు. ఆ రోజు నా గొంతు ఎంత పెద్దదైందో నాకు తెలియదు, పక్క గదిలో నుంచి మా యజమాని లేచి వచ్చాడు. వయసు మీదపడిన మనిషి, మాట తక్కువ.

"ఏందమ్మా ఈ గొడవ?"

"సార్, ఒక్క నిమిషం నా గదిలోకి రండి. చైతన్య గారూ, మీరు కూడా."

చైతన్య ఆ రోజు సన్న చారల చొక్కా వేసుకున్నాడు. నీలం చారలు, ఖరీదైన చొక్కా. ఆయన్ను గోడ ముందు నిలబెట్టి రెండు మూడు దూరాల నుంచి ఫోటోలు తీశాను. తెర మీద పెట్టాను. చొక్కా నిండా ఆకుపచ్చా ఊదా అలలు.

"మీ చొక్కా సెకండ్స్ సార్" అన్నాను. "షాపు వాడికి వాపసు ఇచ్చేయండి. దాన్ని నేసినవాడికి నూలు ఆపించండి."

యజమాని నవ్వాడు. గుమ్మంలో గుమిగూడిన ఆఫీసు వాళ్లంతా నవ్వారు. కాసేపటికి చైతన్య కూడా నవ్వాడు, నవ్వక తప్పదు గనుక. "సరేలే, ఆ గళ్ల రకాలను చేత్తో చూసి పాస్ చేయండి. ఆయనకు నూలు ఇచ్చేయండి" అని యజమాని చెప్పి వెళ్లిపోయాడు. మాట నెగ్గినందుకు నేను సంతోషించాలి. కానీ ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో మండుతాయి. చొక్కా చూసి నవ్వినవాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పది అడుగులు నడిచి వరండాలో కూర్చున్న మనిషి దగ్గరికి పోయి "మాది పొరపాటప్పా" అనలేదు. సెకండ్స్ కింద ఎప్పుడో ప్రొద్దుటూరు వ్యాపారికి పోయిన ఆయన చీరల మాట ఎవరూ ఎత్తలేదు.

నేనే పోయి చెప్పాను. ఉరుకుందప్ప లేచి నిలబడి విన్నాడు. "మంచిది మేడమ్మా" అని చీర మూట కట్టుకుని బస్సుకు పోయాడు.

చెప్పాల్సింది

కొత్త కెమెరా వచ్చిన మొదటి రోజే తెల్ల గోడను తీయండి, మూత పెట్టి చీకటిని తీయండి. మచ్చలుంటే, మెరిసే చుక్కలుంటే అప్పుడే బయటపడతాయి. మన ఎండలకు కెమెరా వేడెక్కితే ఎర్రటి, తెల్లటి చుక్కలు ఇంకా ఎక్కువ లేస్తాయి, దాన్ని చల్లబడనిచ్చి మళ్లీ చూడండి. సన్న నేత బట్ట అయితే ఒకే చోట నుంచి తీసి ఊరుకోకండి, జరిగి తీయండి. తెర మీద చిన్నది చేసి చూస్తే ఫోటోలో లేని అలలు కూడా తెర పుట్టిస్తుంది, పూర్తి సైజులో చూడండి. ఇవన్నీ ఒక పూటలో నేర్చుకోవచ్చు.

కష్టమైంది ఇంకోటుంది. మీరు తీసిన ఫోటో మీ గది దాటాక ఎవరి చేతికి పోతోంది, దాన్ని చూసి వాళ్లు ఏం తేలుస్తున్నారు అని అడగాలి. "అది మీ పని కాదు" అంటారు. అడగండి. అది మీ పనే. గట్టిగా అడిగితే మంచి పేరు రాదు, నాకూ రాలేదు. ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్లూ చైతన్య నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే నాకు అన్నం అరగకుండా పోలేదు.

కోడుమూరు

రిటైరయ్యాక ఒకసారి ఎమ్మిగనూరులో పని పడి, తిరిగి వస్తూ కోడుమూరులో దిగాను. అడిగితే ఉరుకుందప్ప ఇల్లు చూపించారు. ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి. ఒకదాని మీద ఆయన సన్న గళ్ల చీర నేస్తున్నాడు. భార్య నేసే రెండోదాని మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన పక్కనే, నేల మీద, ఆయన భార్య నాగలక్షుమ్మ కూర్చుని ఉంది.

నన్ను చూసి ఇద్దరూ లేచారు. నీళ్లిచ్చారు. కంపెనీ నూలు సరిగ్గా ఇస్తోందా అని అడిగితే, ఇస్తాండారన్నాడు. చీరలు వెనక్కి రావడం లేదన్నాడు. అయితే అంతా బాగుందనుకున్నాను.

"నీ మగ్గం ఎందుకు నిలబెట్టినావమ్మా?" అని నాగలక్షుమ్మను అడిగాను.

ఆమె మొగుడి వైపు చూసింది, నా వైపు చూసింది. "ఈయప్ప పక్కన కూసోల్ల గదా మేడమ్మా. నేను కూసోకుంటే ఈయప్ప నెయ్యడు. కర్నూలుకు పోయి రెండు తూర్లు కండ్లు సూపించుకున్యాడు. బాగుండాయి, అద్దాలు గూడా వద్దన్యారు. నమ్మడు."

"మీరు జెప్పింది నాకు అర్థమయింది మేడమ్మా" అన్నాడు ఉరుకుందప్ప తల వంచుకుని. "కెమెరావే ఆ అలలు. నాకు బుద్ధికి తెలుసు. అయితే మీ తెర మీద సూసినప్పటి నుంచి గళ్లు సూస్తే సాలు, నాకు కనపడ్తాండాయి. ఇప్పుడు గూడా ఉండాయి."

నేను వంగి మగ్గం మీది బట్టను చూశాను. చెయ్యి వేసి తడిమాను. కళ్లు దగ్గరికి పెట్టి చూశాను. నున్నగా, సమంగా, గడి పక్కన గడి. "ఏమీ లేవప్పా" అన్నాను. ఆయన మర్యాదకు తల ఊపాడు. నా మాట ఆయనకు చాలదని తెలిసిపోయింది. చెప్పాల్సిన రోజున చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. ఇప్పుడు నాలాంటి రిటైరైనామె వచ్చి చెప్తే ఏం లాభం?

మళ్లీ మగ్గంలో కూర్చుని జానెడు నేశాడు. అటూ ఇటూ ఆడే నాడె ఆపాడు. బట్ట మీదికి వంగి, భార్యను అడిగాడు.

"సూడుమీ. ఉండాయా?"

ఆమె వంగి చూసింది. విసుక్కోలేదు, తొందరపడలేదు. ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి చెప్పింది.

"ల్యావు. నెయ్యి."